ఎర్రసిరాతో తొమ్మిదో కన్ను

3వ తేదీ, సోమవారం

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, శనివారం నీ పేరు మీద ఒక పార్సిల్ వచ్చింది. నెలకో గది మారే నువ్వు మీ ఎడిటర్‌కి నా చిరునామా ఇచ్చావు కాబట్టి అది నా బల్ల మీదికి చేరింది. విప్పాను. నువ్వు గీసిన పన్నెండు బొమ్మలు, అవి పడాల్సిన ఏదో ఆట పుస్తకం రాతప్రతి, ఒక ఉత్తరం. "బొమ్మలను రాతతో పోల్చి, తప్పులుంటే సరిదిద్ది, పదో తేదీలోగా తిరిగి పంపగలరు" అని ఉంది.

గడువు అనేది నీకు గిట్టదు. అందుకని నేనే పోల్చాను. ముప్పై ఏడేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా?

మూడో బొమ్మ: నూతికి కాపలా ఉండే జీవికి తొమ్మిది కళ్లని రాత. నువ్వు ఎనిమిదే గీశావు. ముఖంలో చోటు లేక తొమ్మిదోది గడ్డం మీద పెట్టాను. అయిదో బొమ్మ: మెట్లు నలభై ఉండాలి, ముప్పై ఏడే ఉన్నాయి. మూడు కలిపాను. తొమ్మిదో బొమ్మ: తలుపుకి మడతబందులూ గడియా రెండూ ఒకేవైపు. "ఈ తలుపు ఎవరివల్లా తెరుచుకోదు" అని పక్కన రాశాను. పదకొండో బొమ్మలో శవాలు అయిదు, పాదాలు తొమ్మిది. "పదోది ఏది?" అని రాశాను.

అన్నీ ఎర్రసిరాతో, చదవడానికి వీలుగా. బొమ్మలు ఇవాళ పొద్దున మీ ఎడిటర్‌కి రిజిస్టర్ పోస్టులో పంపేశాను. రాతప్రతి నా దగ్గరే ఉంచాను.

మన ఒప్పందం గుర్తుందిగా? "మీ బొమ్మలు అచ్చుకు తీసుకున్నాం" అని ఒక ఎడిటర్ సంతకం చేసిన కాగితం ఏడాదిలోగా చూపించాలి. లేకపోతే మా పాత బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరాలి. ఈ ముప్పయ్యో తేదీకి ఏడాది నిండుతుంది. దరఖాస్తు ఫారం తెప్పించి ఉంచాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఏడో బొమ్మలో పదకొండు చేతుల ముసలి మంత్రగత్తె ఉంది. చేతుల లెక్క సరిపోయింది. కాని దాని కళ్లజోడుకి ఎడమవైపు నల్లదారం ఎందుకు కట్టావు? నాకు తెలిసి అలాంటి కళ్లజోడు లోకంలో ఒక్కటే ఉంది.

---

7వ తేదీ

అమ్మమ్మకు నమస్కారాలు. అవి పెట్టాలని లేదు గానీ పెడుతున్నాను.

అవి అసలు బొమ్మలు అమ్మమ్మా! నకళ్లు లేవు! పాళీ ముంచుకుంటూ, గీత పక్కన గీత పేర్చుకుంటూ అయిదు నెలలు గీశాను. ఇలాంటి ఆట పుస్తకాలకి బొమ్మలు పాతకాలం పద్ధతిలోనే ఉండాలి, నల్లసిరా తప్ప ఇంకేమీ తగలకూడదు. వాటి మీద నువ్వు యూనిట్ టెస్టు పేపరు దిద్దినట్టు దిద్దావు.

తొమ్మిదో కన్ను తల వెనకాల ఉంది. అది కనిపించకపోవడమే భయం. తెరుచుకోని తలుపు తెరుచుకోకూడదనే అలా గీశాను. పదో పాదం ఎక్కడుందో ఆడేవాళ్లు వెతుక్కోవాలి. అదే ఆట! నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు "మీరు నూతిలో ఉన్నారు, కింద ఏదో కదిలింది" అని కథ చెబుతారు. మిగతావాళ్లు తామేం చేస్తారో చెబుతారు. బతికారా చచ్చారా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి కూర్చోలేకపోతున్నాను. కిటికీ నుంచి గోడకి ఎనిమిదడుగులు, గోడ నుంచి కిటికీకి ఎనిమిది. కింద సైకిల్ షాపాయన "అమ్మాయ్, పైన ఏమైనా దంచుతున్నావా?" అని అరిచాడు.

ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. నేను ఓడిపోయి ఆ బడిలో చేరాలనే ఇదంతా చేశావా?

నీ
పిచ్చుక

తా.క. ఆ దారం కాకతాళీయం.

---

11వ తేదీ, మంగళవారం

చిరంజీవి పిచ్చుకకు ఆశీస్సులు, ఈసారి సగమే.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు: లేదు.

నా జన్మలో ఎన్నో వేల పేపర్లు దిద్దాను. ఏ పిల్లనీ ఫెయిల్ చెయ్యడానికి దిద్దలేదు. దిద్దడమంటే పూర్తిగా చదివానని అర్థం. మీ అమ్మ నీ బొమ్మలు చూసి "బాగున్నాయే" అని పక్కన పెట్టేస్తుంది. నేను మెట్లు లెక్కపెట్టాను. ఏది ప్రేమో నువ్వే తేల్చుకో.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు లేచి వరండాలోకి వెళ్లొచ్చాను. బొమ్మలు నకళ్లు కావని నాకు తెలియదు. అది నా తప్పే. కాగితం మీద తప్పు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి, దాచుకో.

మీ ఎడిటర్‌కి ఫోన్ చెయ్యమంటావా? నాకు ఫోన్లో మాట్లాడటం ఇష్టం ఉండదు, అయినా చేస్తాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఊరికే అడుగుతున్నాను. ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే, ఇరవై చీటీలు రాసి డబ్బాలో వేసి తీస్తే సరిపోతుందా? లెక్క ప్రకారం సరిపోవాలి.

---

16వ తేదీ

అమ్మమ్మకు నిండుగా నమస్కారాలు.

ఫోన్ చెయ్యకు! ఆయనే చేశాడు. తిడతాడని చెవికి దూరంగా పట్టుకున్నాను. "గడ్డం మీద ఎర్రకన్ను ఎలా తట్టిందండీ మీకు? రెండు రోజులుగా మా ఆఫీసులో ఎవరూ పని చెయ్యడం లేదు, ఆ కన్నే చూస్తున్నారు" అన్నాడు. పుస్తకం నలుపు ఎరుపు రెండు రంగుల్లో వేస్తారట. పక్కన నీ రాతలు కూడా అలాగే ఉంచుతారట. నూతిలోకి వెళ్లి తిరిగిరాని తనిఖీ అధికారి రాసుకున్నట్టు ఉన్నాయట. "పదోది ఏది?" చదివి ఆయన భార్య లైటు వేసుకుని పడుకుందట.

అవన్నీ నేనే చేశానని చెప్పేశాను. తప్పే. నోరు జారింది.

కాని సంతకం ఇంకా పెట్టలేదు. నూతి లోపల నాలుగో అంతస్తు బొమ్మ మిగిలింది, దాని మీదా ఎర్రసిరా కావాలట. ఇరవై అయిదుకి అందాలి, లేకపోతే పని ఇంకొకరికి. మూడు రోజులుగా నేనే ఎరుపు పెట్టి చూస్తున్నాను. నేను దిద్దితే పొరపాటులా ఉంటోంది. నువ్వు దిద్దితే శాపంలా ఉంటుంది. గీస్తున్నాను, లేస్తున్నాను, చింపేస్తున్నాను.

నిన్ను ఆ మాట అన్నందుకు క్షమించు అమ్మమ్మా. ఎరుపు కావాలి.

నీ
పిచ్చుక

తా.క. దారం కాకతాళీయం కాదు. భయం పుట్టించే ముఖం గియ్యమంటే చెయ్యి దానంతటదే నీ ముఖం గీసింది. కాని ఎడిటర్ "ముసలావిడ ముఖంలో దయ కనిపిస్తోంది, మార్చండి" అన్నాడు. ఆయన నిన్ను చూడలేదు.

---

20వ తేదీ, గురువారం

చిరంజీవి పిచ్చుకకు అమ్మమ్మ పూర్తి ఆశీస్సులు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. నూతి ఆట లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో రాతప్రతి చదివితే తేలలేదు. అందుకని మనుషుల్ని దింపి చూశాను. రిటైరైన సైన్సు పంతులు, కింది వాటాలో దర్జీ. కథ నేను చెప్పాను. మొదటిరోజే ఇద్దరూ మూడో గదిలో పోయారు. మర్నాడు మూడింటికల్లా మళ్లీ వచ్చి కూర్చున్నారు. దర్జీ ఇప్పటికి నాలుగుసార్లు చచ్చాడు. వీధిలో ఎవరి బట్టలూ కుట్టడం లేదు.

సోమవారం మా బడి హెడ్‌మాస్టర్ నీ దరఖాస్తు కోసం వచ్చాడు. "ఫారం ఇచ్చెయ్యండి టీచర్‌గారూ, వెళ్లిపోతాను" అన్నాడు. "అయిదు నిమిషాలు కూర్చో నాయనా, ముగ్గురుంటే గానీ ఈ గది దాటలేరు" అన్నాను. ఏడింటికి నేనే లేపి పంపించాను. ప్రస్తుతం అతను నాలుగో అంతస్తు గుమ్మంలో పదకొండు చేతుల ముసలిదాని పట్టులో ఉన్నాడు. లోపలేముందో నేను చెప్పలేను, రాతలో "బొమ్మ చూడుము" అని మాత్రమే ఉంది. "నేను బయటపడేదాకా ఏ పోస్టూ భర్తీ చెయ్యను. ఆ అమ్మాయిని గియ్యనివ్వండి" అని చెప్పి వెళ్లాడు.

ఫారం కూడా అతనికి ఇవ్వలేకపోయాను. నీకు పదకొండో తేదీ ఉత్తరం రాసి పోస్టు చేసిన సాయంత్రమే దాన్ని చింపి ఇరవై చీటీలు చేశాను. ఇంట్లో వెనకవైపు తెల్లగా ఉన్న కాగితం అదొక్కటే కనిపించింది. ఇంతకు మించి అడగకు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఇక జరగాల్సినవి:

1. ఈ ఉత్తరం అందగానే నాలుగో అంతస్తు బొమ్మ తీసుకుని దొరికిన బస్సుకి రా. పోస్టును నమ్ముకునే వ్యవధి లేదు. ఇక్కడే దిద్దుతాను.

2. నేను దిద్దాలని కావాలని తప్పులు పెట్టకు. నాకు తెలిసిపోతుంది. నీ మామూలు తప్పులు చాలు.

3. ముసలిదాని ముఖం మార్చి గియ్యడానికి నా ఫోటో జతచేశాను. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చూసే చూపు అది. తీసిన దర్జీ రెండడుగులు వెనక్కి వేశాడు. దారం మాత్రం ఉంచు.

4. ఎర్రసిరా ఎవరిదో ఎడిటర్‌కి చెప్పు, అబద్ధం మీద సంతకం వద్దు. పుస్తకం మీద మాత్రం నీ పేరొక్కటే ఉండాలి. జవాబుపత్రం మీద దిద్దినవాళ్ల పేరు వెయ్యరు.

5. పదో పాదం ఎక్కడుందో నాకొక్కదానికే చెప్పు. దర్జీకి చెప్పను.