ఉతకకూడని వల

నెల్లూరు జిల్లా మైపాడులో ఉంటున్న, కీర్తిశేషులు నరసయ్య భార్య గురవమ్మ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. నా తెలివి సరిగానే ఉంది. నా కొడుకు హజరత్తయ్య రేపు కాదంటాడని డాక్టరు గారి కాగితం కూడా జత చేసినాను.

1. చేపల గంప మోసి కట్టుకున్న నా స్వార్జితపు రెండు గదుల ఇల్లు, నా కూతురు వనజాక్షి బతికినంత కాలం ఆమెది. నా బిడ్డకు ముప్పై ఆరేళ్లు. మాట రాదు, మనుషుల్ని వాసనతోనే గుర్తుపడుతుంది. దాన్ని చూసుకునే బాధ్యత పక్కింటి చెంచులక్ష్మికి అప్పగిస్తున్నాను. వనజాక్షి తదనంతరం ఇల్లు చెంచులక్ష్మికే చెందాలి. కన్నకొడుకుండగా పరాయిదానికా అని ఊరు అడుగుతుంది. అడగనీ. వాడు చెల్లెల్ని పేరు పెట్టి పిలిచి ఇరవై ఏళ్లయింది. పిచ్చిది అంటాడు.

2. వనజాక్షి సామాను: సీసపు గుండ్లున్న పాత వల ముక్క, వాళ్ల నాయనది. ఒడిలో బరువుగా వేస్తే చేతులు కొరుక్కోవడం మానేసి, గుండ్లు ఒక్కొక్కటే తడుముకుంటూ కూర్చుంటుంది. ఇసుక, గవ్వలు పోసి మూత బిగించిన సీసా. చెవి దగ్గర మెల్లగా ఊపాలి. నెల్లూరులో ఇట్లాంటి పిల్లల్ని చూసే సెంటరులో ఇచ్చిన రంగు బొమ్మలు దానికి నచ్చలేదు, ఎవరికైనా ఇచ్చెయ్యాలి.

3. చెంచులక్ష్మీ, వలను సబ్బుతో ఉతకొద్దు. పదిహేను రోజులకోసారి సముద్రం నీళ్లలో ముంచి నీడన ఆరెయ్యి. నేను ఆస్పత్రిలో ఉన్న వారం, ఇల్లంతా కంపు కొడతా ఉందని నా కోడలు దుర్గ దాన్ని సబ్బుపొడిలో నానబెట్టి ఉతికేసింది. నా బిడ్డ ఆ వల విసిరికొట్టింది. మణికట్టు నెత్తురొచ్చేలా కొరుక్కుంది. నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. చేపలమ్మిన కూడు తిని పెరిగిన కొడుకు పక్కనే నిలబడి చూసినాడు. ఇది నేను క్షమించలేదు, చచ్చినా క్షమించను.

4. హజరత్తయ్య పడవలో తండ్రి వాటా ఇదివరకే తీసుకున్నాడు. వాడికి ఇంకేమీ లేదు. దుర్గకు, ఆ మిగిలిన సబ్బుపొడి డబ్బా.

5. పోయినవాళ్ల బట్టలు చాకలికి వేయడం మన ఆచారం. నేను పోయేటప్పుడు ఒంటి మీదున్న చీర చాకలికి వేయొద్దు, తడపొద్దు. మడిచి వనజాక్షి తల కింద పెట్టండి. నన్ను ఎక్కడికి తీసుకుపోయినారో దానికి తెలియదు. వాసన ఉన్నన్నాళ్లు అమ్మ పక్కనే ఉందనుకుంటుంది. ఆ నాలుగు రోజులైనా నా బిడ్డ అన్నం తింటుంది.

మైపాడు, 14 నవంబరు 2024.
గురవమ్మ ఎడమచేతి వేలిముద్ర
సాక్షులు: కామాక్షయ్య, ఉషారాణి
దస్తూరి: పద్మనాభయ్య