చాపని చెయ్యి

మే 4, సోమవారం
అక్షరకి ఆ మ్యాచ్ దొరికింది. ఏడేళ్ల కిందటిది. జీతాలిచ్చి బేస్‌బాల్ ఆడించే టీం ఒకటి ఆక్లండ్‌లో ఉన్న రోజులు... పాత మ్యాచులన్నీ ఎవరో అభిమాని ఆన్‌లైన్‌లో పెట్టాడట. భోజనాల దగ్గర చెప్పింది. "నాన్నా, మనం కూర్చున్న వైపు కూడా కనిపిస్తుందట. వీకెండ్‌లో ముగ్గురం చూద్దాం."
సుజాత చారు పోసుకుంటోంది. గరిటె గిన్నె అంచుకి తగిలించి, చోటు తెలిశాక వంచింది. ఒక కంటితో దూరం అందదు.

మే 5
మోటార్‌వే మీద నా ఎగ్జిట్ దాటిపోయాను.

మే 6
ఇక్కడైనా రాయాలి.
బ్యాట్ అంచుకి తగిలిన బంతి జనంలోకి లేచింది. సూటిగా నా మొహం మీదికి. వంగాను. ముందు వరసలో ఎండ పడుతోందని సుజాత నా వెనక వరసకి మారి కూర్చుంది. బంతి తగిలి తన ఎడమ కన్ను పోయింది.
ఆస్పత్రిలో వాళ్లన్నయ్య ఫోన్. "చెయ్యి అడ్డం పెట్టాను బావగారూ, వేళ్లలోంచి జారిపోయింది." అలా వచ్చేసింది నోట్లోంచి. కాలేజీ క్రికెట్ టీంలో కీపర్ని — నమ్మారు. ఆ తర్వాత ప్రతి పాట్‌లక్ విందులోనూ అదే కథ. రెండో ఏడాదికల్లా చూపుడువేలు వంచి చూపించడం కూడా మొదలుపెట్టాను. ఆ రోజు బెణికిందని.

మే 8
ఆఫీసు పార్కింగ్‌లో, కారులో కూర్చుని చూశాను. నీలం టోపీ నేనే. పక్కన అక్షర, ఎనిమిదేళ్ల పిల్ల. దాన్నీ లాగలేదు. రెండు చేతులూ నా తలమీదే.

మే 9, శనివారం
మా కోసం ఆగకుండా చూసేసింది అక్షర. గరాజ్‌లోకి వచ్చి నిలబడింది.
"యూ డక్డ్. వంగిపోయావు నాన్నా."
అవునన్నాను.
"అమ్మకి తెలుసా?"
తెలియదన్నాను.
"దెన్ యూ టెల్ హర్. నేను చెప్పను."

మే 10
చెప్పాను. బట్టలు మడత పెడుతోంది. చేతులు ఆగలేదు.
"తెలుసండీ. మీరు వంగాకే కదా నాకు బంతి కనిపించింది. అప్పటిదాకా మీ తల అడ్డం."
ఇన్నేళ్లు ఎందుకు అడగలేదన్నాను.
"వంగడానికేముంది, ఎవరైనా వంగుతారు. అన్నయ్యకి మీరు ఫోన్లో చెబుతుంటే మంచం మీద వింటూనే ఉన్నాను. కంగారులో అన్నారు, రేపు సరిచేస్తారులే అనుకున్నాను." దుప్పటి దులిపింది. "ఆ వేలు చూపించిన ప్రతిసారీ పక్కనే ఉన్నాను. ఒక్కసారైనా నా వైపు చూసి చెప్పారా?"
లేదు.

మే 12
అక్షర బస్సులో వెళ్తోంది. దింపుతానంటే అక్కర్లేదంది.

మే 16, శనివారం
వాళ్లన్నయ్య వీడియో కాల్. కాసేపు మాట్లాడి, "ఈయన నీతో ఏదో చెప్పాలట అన్నయ్యా" అని సుజాత ఫోన్ నా చేతికిచ్చింది. కదల్లేదు, పక్కనే నిలబడింది.
"చెప్పండి బావగారూ." ఆయన కళ్లజోడు సర్దుకుని చూస్తున్నాడు.
"వినబడటం లేదు బావగారూ, నెట్ సరిగా లేదు. మళ్లీ చేస్తాను," అన్నాను.
సుజాత నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నెట్ బాగానే ఉంది అన్నయ్యా." గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.
ఇరవై నిమిషాలైంది. ఇంకా మాట్లాడుతోంది.