ట్యాంకు మూతికి కట్టే గుడ్డ

భేస్తాన్, సూరత్
28 మే 2021

చెల్లె అనురాధకు,

వాననీళ్ల ట్యాంకు మూతికి కట్టే గుడ్డ ఇంకా రాలేదేమని అడిగావు. నిరుడు వాంతులు, విరేచనాలైన పిల్లలను మండలం దాకా మోసుకుపోయిన ఆశా కార్యకర్తవు. నీ తొందర నాకు తెలుసు.

గుడ్డ ఎప్పుడో తయారైంది. నా గదిలో ఉండే సదానందమే మరమగ్గాల కార్ఖానాలో తన సాంచ మీద నేశాడు. "మనూరి పిల్లలు తాగే నీళ్లు గదనే, జర గట్టిగ నెయ్యాలె" అన్నాడు. నాలుగు మడతలు వెయ్యాలని నాలుగు మీటర్లు నేశాడు.

ఆ వారమే అతనికి జ్వరం వచ్చింది. ఏ ఆస్పత్రిలోనూ బెడ్డు దొరకలేదు. గదిలోనే పోయాడని నీకు తెలిసిందే. గుడ్డ సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు దుకాణాలు మూసి ఉన్నాయి. అతని మీద కప్పడానికి మాకు అదొక్కటే ఉంది.

కొత్త గుడ్డ వచ్చేదాకా పాత నూలు చీర మడతలేసి కట్టు. మొదటి వాన నీళ్లు మాత్రం ట్యాంకులోకి రానివ్వకు.

అతని సాంచ మీద ఇప్పుడు నేనే నేస్తున్నాను. ఒళ్లు సహకరించడం లేదు, రోజుకు కొంచెమే అవుతోంది. ఈసారి ఎనిమిది మీటర్లు నేస్తున్నాను. నాలుగు నీకు పంపి, నాలుగు గదిలో ఉంచుతాను.

మీ అన్న