గోడలో మూరెడు బొక్క

1990 డిసెంబర్ 9

మా గది ఏసీ లూటీకొచ్చిన ఇరాకీ సోల్జర్లకు చూపిచ్చింది మా మేస్త్రే. ఈరోజు తెలిసింది. "నాది పాతది, ఆ మూల గదిలోది కొత్తది" అని వేలు పెట్టి మరీ చూపిచ్చినాడంట. వాని ఏసీ వాని గోడకే ఉంది. మా గోడకు బొక్క. ఎత్తు మూరెడు, అడ్డం మూరెడున్నర. కువైట్ అర్దియా చలంతా అందులోంచే.

మా కడపోడే. రాయాలంటేనే సిగ్గయితాంది.

డిసెంబర్ 10

బొక్క మూసినా. వర్క్‌షాపంతా లూటీ అయినా, ఏసీ గాలి పోయే డక్టులకు చుట్టే గాజుదూది ఎవురికీ పట్టలేదు. రెండు చుట్లు తెచ్చి కుక్కినా. పైన అట్ట, దాని మీద వెండి టేపు. నాలుగేండ్లు చల్లగాలి బయటికి పోకుండా చుట్టినోణ్ణి... ఇప్పుడు వేడి పోకుండా. పని ఒకటే.

కిటికీ సందులకూ టేపు. తలుపు కింద పాత లుంగీ చుట్ట. పరుపుల కింద అట్టలు — సిమెంటు నేల నుంచి వచ్చే చలి సగం తగ్గె. ఎండ ఉన్నంతసేపు కర్టెను తీసేది, పోతానే మూసేది.

నా గదిలోనే ఉండే ఖాదరన్నకు పది దినాల నుంచి జ్వరం, దగ్గు. దగ్గుతానే నవ్వె. "డక్టులో పండబెట్టినావు గదరా నన్ను!"

డిసెంబర్ 13

వేడి నిలబెట్టాలంటే ముందు వేడుండాల గదా. ఖాదరన్న కరెంటు హీటరు, చెత్తలో దొరికితే తనే కాయిలు మార్చి బాగుచేసుకున్నది, మేస్త్రి ఎత్తుకపోయినాడు. నేను ఖుబ్బూస్ రొట్టెల క్యూలో ఉన్నప్పుడు.

పోయి అడిగితే — "నాకు మోకాళ్ళ నొప్పులురా. వయసులో ఉండారు, మీకెందుకు?"

ఖాదరన్నకు యాభై రెండు.

డిసెంబర్ 14

వాన. పాలపొడి డబ్బాలో బొగ్గులు రాజేసి గదిలో పెట్టినా. వెచ్చగా అయ్యె. ఆ హీటరు లేకుంటే చస్తామా అనుకున్నా.

బట్టలు పిండుకోని వచ్చేసరికి ఖాదరన్న కక్కుకోని, కండ్లు తేలేసి... పిలిస్తే పలకడు. నాకూ తల తిరుగుడు. అప్పుడు తెలిసె. బొగ్గుల గాలి పోవడానికి సూది మొనంత సందు కూడా వదల్లేదు నేను. అంత బాగా మూసినా. ఆయన్ని వానలోకి ఈడ్చుకపోయినా. వచ్చి టేపు గోళ్ళతో పీకినా.

బతికినాడు.

నా చేత్తోనే చంపబోతి.

కాదు. మేస్త్రి చేత్తో.

...నా చేత్తో కూడా.

డిసెంబర్ 15

బొగ్గుల డబ్బా పారేసినా. బొక్క పైన జానెడు సందు వదిలినా. మూయాలంటే చెయ్యి రాలేదు. చలి మళ్ళీ లోపల. ఖాదరన్న రొమ్ములో పిల్లికూతలు. హీటరు రాకుంటే ఈ నెల దాటడు.

మేస్త్రి మా యజమాని కఫీల్ కారును షెడ్డు రేకుల వెనక దాచిపెట్టినాడు. ఇరాకీ చెక్‌పోస్టులో ఒక్క మాట చాలు, వాణ్ణి ఎత్తుకపోతారు. ఆ మాట నోట్లో పెట్టుకోని రోడ్డు దాకా పోయినా. తిరిగొచ్చి ఖాదరన్నకు చెప్పినా.

"సోల్జర్లు తీసుకపోయినోళ్ళు తిరిగి రారు, ఓబులేసూ. హీటరు అడుగు. మనిషిని అడగొద్దు."

వాని ప్రాణం నాకొద్దు. వాని వెచ్చదనం కావాల.

డిసెంబర్ 16

చీటీ రాసినా. మూడు చించి నాలుగోది. వాని తలుపు కింద తోయబోతే పోలేదు. లోపల లుంగీ చుట్ట. నన్ను చూసే నేర్చుకున్నాడు! వెండి టేపుతో తలుపుకే అంటిచ్చినా. రాసింది ఇది —

"మేస్త్రీ, నీ గోడకు ఏసీ బిగిచ్చింది నేనే. ఏ స్క్రూ యాడుందో కండ్లు మూసుకోని చెప్తా. ఖాదరన్న హీటరు మా వాకిట్లో పెట్టు, కాయిలు తెగకుండా. లేదంటే నీ ఏసీ కిందికొస్తాది. నీ గోడకూ మూరెడు బొక్క. మూయడానికి దూది నా దగ్గరే ఉంది, ఇయ్యను. ఇస్తావో ఇయ్యవో రేపు మధ్యాన్నం అసర్ నమాజు బాంగు లోపల చెప్పు."