మీ చిన్నిల్లు చూసొచ్చాను

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్యగారు, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. మీరూ అక్కడ వేళకు తిని, వేళకు పడుకుంటున్నారనే అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఇకమీదట ఉత్తరంలో "సముద్రం ఒడ్డున చిన్నిల్లు" అని రాయకండి. పాప పైకి చదువుతుంటే అత్తయ్యగారికి ఆ ఒక్క ముక్కే వినిపించింది. "ఈ వయసులో వీడికి చిన్నిల్లేమిటే, పోయేకాలం!" అని ఒకటే గొడవ. సెలవుల్లో మనమంతా వెళ్లి ఉండటానికి కొనే ఇల్లని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "అయితే మాత్రం, నువ్వే వెళ్లి చూసి రావడమేమిటే?" అని ఇంకా నసుగుతూనే ఉన్నారు.

మీరు చెప్పినట్టే, కొనేముందు ఒకసారి పరీక్ష చేయించాలని ఇంజినీరుగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. మీరడిగిన వాటికి జవాబులు: డాబా కారదు. గోడలన్నీ తట్టి చూశారు, చెమ్మ లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు కాస్త తుప్పు పట్టాయి, రంగేస్తే సరిపోతుందట. వంటగదిలోంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగారు కదా, కనిపించదు. పొయ్యి గట్టుకు ఎదురుగా గోడే ఉంది.

నేల వాటం చూడాలని ఆయన ఆ వంటగదిలో బకెట్టు నీళ్లు కుమ్మరించారు. నీళ్లు తిన్నగా తూములోకి పోయాయి. "చూశారా అమ్మా, ఎక్కడా నిలవలేదు" అంటూ తిరిగి చూసేసరికి, నేను కొంగు దోపుకుని, మూలనున్న చీపురు పట్టుకుని ఊడ్చేస్తున్నాను.

"అయ్యో, మీకెందుకమ్మా! అదే ఆరిపోతుంది" అన్నారు.

ఇంకా మనది కాని ఇల్లది. చెయ్యి దానంతటదే చీపురు మీదికి పోయింది. చచ్చేంత సిగ్గేసింది. చీపురు మళ్లీ మూలన పెట్టేసి గుమ్మంలో కూలబడ్డాను.

ఇక అసలు సంగతి. ఆయన ఇల్లంతా చూస్తున్నంతసేపూ ఎక్కడైనా ఒక్క పగులు బయటపడకపోతుందా అన్న ఆశతోనే వెనకాల తిరిగాను. ఏదీ దొరకలేదు. చివరికి సిగ్గు విడిచి, "పునాదిలో ఏదో తేడా ఉందని మావారికి చెప్పకూడదూ?" అని అడిగేశాను.

ఆయన నవ్వలేదు. "లేని లోపం ఎలా చెప్పనమ్మా? మీకిష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి" అన్నారు.

చెబుతున్నాను. ఆ ఇల్లు వద్దు. దానికేం, గట్టిదే, నేనే కుంగిపోయాను. మీ అందరికీ అది సెలవుల ఇల్లు, నాకు మాత్రం ఇంకో పొయ్యి, ఇంకో చీపురు. అలిసిపోయానండీ. ఈ మాట మీతో అనడానికి కూడా ఓపిక కూడగట్టుకోవలసి వచ్చింది.

ప్రతి ఉత్తరం చివరా "ఇక సెలవు" అని రాస్తూనే ఉన్నాను, తీసుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు. ఈసారి నిజంగానే అడుగుతున్నాను. మీరొచ్చి నాలుగు రోజులు ఈ పొయ్యి దగ్గర నిలబడండి. నేను ఆ సముద్రం దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, ఎదురుగా గోడ లేనిచోట కాసేపు కూర్చుని వస్తాను.

ఇట్లు,
ఒక్క ఇంటికే ఓపికున్న
మీ ఇంటావిడ