మార్తమ్మ గారు చెప్పని మాట

ఫిబ్రవరి 9, 1981. పిస్కాటవే

మంచు. కార్ స్టార్ట్ కాలేదు. పీహెచ్‌డీకి ఇది ఏడో చలికాలం. నా భార్య నళిని హాస్పిటల్‌లో డబుల్ షిఫ్ట్‌లు చేస్తుంటే, యేసు మాటలు పుస్తకంలోకి ఎక్కకముందు నలభై ఏళ్లు నోటినోటా ఎలా నిలిచాయో నేను ఇంట్లో కూర్చుని తేలుస్తున్నాను. తేలలేదు. ప్రొఫెసర్ హార్లన్ ఏప్రిల్ పది దాకా టైమ్ ఇచ్చాడు. ఇక ఎక్స్‌టెన్షన్ లేదన్నాడు. మాటలో మర్యాద ఉంది, మొహంలో లేదు.

ఫిబ్రవరి 15

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా సంగతి. సాక్ష్యం మా సోఫా మీదే శాలువా కప్పుకుని కూర్చుంది. మా అమ్మ.

అమ్మకు చదవడం రాదు. గుంటూరు జిల్లా పేటల్లో ముప్పై ఏళ్లు ఆడవాళ్లకు బైబిల్ కథలు చెబుతూ బైబిల్ వుమన్‌గా తిరిగింది. తన గురువు మార్తమ్మ గారి దగ్గర నేర్చుకున్న నలభై కథలు నోటికి వచ్చు. పద్ధతి ఒకటే. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా మొదటికి రావాలి. మొత్తం అప్పజెప్పాకే ఆ కథ ఇంకొకరికి చెప్పే హక్కు.

ఇలా కాపాడిన మాట మారదు. నా థీసిస్ అంతా అదే. చిన్నప్పుడు మొరటుగా అనిపించిన పద్ధతి ఇప్పుడు నా చాప్టర్ ఫోర్.

మార్చి 2

రోజుకు రెండు కథలు రికార్డ్ చేస్తున్నాను. టేప్ రికార్డర్ అంటే అమ్మకు చులకన. నేను చెప్పిందే చెప్పుద్ది, అదేం నేర్చుకున్నట్టురా అంటుంది. నన్ను అప్పజెప్పమంటుంది. టైమ్ లేదమ్మా అన్నాను.

మార్చి 8

పదిమంది కన్యకల కథ. పుస్తకంలో ఏముందో ఏ సండే స్కూల్ పిల్లనడిగినా చెబుతుంది. ఐదుగురి దీపాల్లో నూనె అయిపోయింది. కొనుక్కొచ్చేసరికి పెళ్లింటి తలుపు మూశారు. పిలిచారు. మీరెవరో నాకు తెలియదన్నాడు పెళ్లికొడుకు. అక్కడితో సరి.

అమ్మ అక్కడ ఆగలేదు. లోపల వంటామె ఆ కేక విని, చేతులు తుడుచుకుంటూ వెళ్లి పెరటి తలుపు తీసిందట. ఐదుగురినీ కూర్చోబెట్టి అన్నం పెట్టిందట.

ఇదెక్కడిదమ్మా అన్నాను. మార్తమ్మ గారు చెప్పిందేరా అంది, నా వంక చూడకుండా.

మార్చి 9

పుస్తకంలో లేకపోయినా నోటిలో నిలిచిన మాట! హార్లన్‌కి ఫోన్ చేశాను. ఏడేళ్లలో మొదటిసారి నా మాటకు అడ్డు రాలేదు. రెండో సాక్షి కావాలన్నాడు.

మార్చి 21

రెండో సాక్షి దొరికింది. సలోమమ్మ గారు. మార్తమ్మ గారి దగ్గర అమ్మతో పాటే నేర్చుకున్నావిడ, ఇప్పుడు ఫ్రీమాంట్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నారు. ఫోన్‌లో గడగడా అప్పజెప్పారు. మూసిన తలుపు మూసినట్టే ఉంది. వంటామె సంగతి అడిగాను. వంటామె ఎవరు నాయనా, ఆ మాట అనుంటే మార్తమ్మ గారు మమ్మల్ని బెత్తం తీసుకుని బాదుండేది అని నవ్వారు.

ఆ తర్వాత నవ్వు ఆపి, మీ శాంతి ఇల్లొదిలి ఎళ్లిపోయిన ఏడు దాకా మీ అమ్మా నేనూ కలిసే పేటలకి పొయ్యేవాళ్లం, అప్పుడు మీ అమ్మా ఇట్టాగే చెప్పేది అన్నారు.

శాంతి మా అక్క.

మార్చి 22

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 24

రాస్తాను. 1961. నాకు పదహారేళ్లు. అక్క ఎవరికీ చెప్పకుండా పెళ్లి చేసుకుంది. మా నాన్న పాస్టర్. చర్చిలో ఆమె పేరు కొట్టేయించి, వస్తే తలుపు తియ్యొద్దన్నాడు.

దీపాలు పెట్టే వేళ అక్క వచ్చింది. నాన్న చర్చిలో, అమ్మ పేటలో. ఇంట్లో నేనొక్కణ్ణే. తమ్ముడూ అని పిలిచింది. గడియ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. తీయలేదు. నాన్నకు భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. నాన్న మాట వినే కొడుకునని ఆ క్షణం నాకు గర్వంగా ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్క మళ్లీ రాలేదు. ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు.

మార్చి 29

అమ్మని అడిగాను. ముందు బుకాయించింది. తర్వాత, నేనే కలిపానురా అంది. అక్క వెళ్లిపోయాక పేటలో ఆ కథ చెబుతుంటే, మూసిన తలుపు దగ్గర నోరు పెగల్లేదట. ఎదురుగా ఆడవాళ్లు కాచుక్కూర్చున్నారట. అప్పుడు వంటామె వచ్చిందట.

నువ్వు లోపలే ఉన్నావని ఎదురింటోళ్లు ఆ రోజే చెప్పార్రా అని కూడా అంది. మరి నన్నెందుకు అడగలేదన్నాను. అడిగితే అబద్ధం చెప్పాల్సొచ్చుద్ది గదరా నీకు, పదహారేళ్లోడివి అంది.

ఇరవై ఏళ్లు మోసింది. నాతో ఒక్క మాట అనలేదు.

నళిని షిఫ్ట్ నుంచి వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. అంతా విని, ఆ ఒక్క కథ తీసేసి ముప్పైతొమ్మిదితో చాప్టర్ సబ్మిట్ చేసెయ్యండి, ఎవరికి తెలుస్తుంది, నాకు ఇంక ఓపిక లేదు అంది. ఆమె మాట తప్పని ఎలా అంటాను?

ఏప్రిల్ 5

అమ్మకు అప్పజెప్పాను. మూడుసార్లు మొదటికి రప్పించింది. వంటామె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాణ్ణి. అమ్మ మాట అందించలేదు. కాచుక్కూర్చుంది. నాలుగోసారి చెప్పగలిగాను.

ఏప్రిల్ 10

చాప్టర్ ఫోర్ టైప్ చేసి హార్లన్ బాక్స్‌లో వేశాను. నలభై కథలూ ఉన్నాయి. చివరి పేజీ అడుగున ఆఖరి ఫుట్‌నోట్:

41. పెరటి తలుపు మార్తమ్మ గారిది కాదు. 1961లో నా తల్లి చేర్చింది. కారణం, ఆ ఏడు ఒక ఇంటి తలుపు తీయకపోవడం. తీయనిది ఈ వ్యాసకర్త.