వెడల్పు తెడ్డు

ప్రియమైన మరదలు పిల్లకి,

నువ్వు స్వయంగా చెక్కి పంపిన తెడ్డు అందింది. నా పాత ప్లాస్టిక్ తెడ్డు పక్కన పెడితే దొరసానిలా ఉంది. ఆదివారం పొద్దున్నే కయాక్‌ని సరస్సులోకి దించి, దర్జాగా బయల్దేరాను. ఒక్కో వేటుకి పడవ ముందుకి దూకింది. కానీ సోమవారం సెలూన్‌లో దువ్వెన పట్టుకోగానే మోచేతి దగ్గర మొదలైన నొప్పి వేళ్ల దాకా పాకింది. కత్తెర జారి కింద పడింది. కుర్చీలో కూర్చున్నావిడ చెవి తడుముకుంది.

మీ అన్నయ్యది ఒకటే పాట. కడుపు నింపేది కత్తెర కాబట్టి తెడ్డుని అటక ఎక్కించమంటాడు. నేను ఒప్పుకోలేదు. రోజంతా ఊళ్లోవాళ్ల తలలు చూసుకుంటాను, పొద్దుటి ఆ కాసేపే నాది. దాన్ని వదులుకోను. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ వదిన

వదినమ్మకి,

అన్నయ్య మాట వినకు. తప్పు తెడ్డుది కాదు, పట్టుది. నువ్వు దాన్ని దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావేమో, వేళ్లు వదులుగా ఉంచు. చేతులతో లాగకు, నడుము తిప్పు. మొదట్లో ఒడ్డు వెంటే తిరుగు, నొప్పి తెలియగానే ఆపెయ్. మా పడవల వర్క్‌షాప్‌లో మేస్త్రి నుంచి నా దాకా అందరం చెక్కేది ఈ వెడల్పే. అలవాటైతే నువ్వే వదలవు.

ప్రేమతో, నీ మరదలు

నా మరదలు పిల్లకి,

ఇన్నాళ్లూ రాయలేదని అలిగి ఉంటావు. నువ్వు చెప్పినట్టే వేళ్లు వదిలాను, నడుము తిప్పాను. నీ నోట్లో చక్కెర పొయ్య, భుజాలు తేలికపడ్డాయి. మోచెయ్యి మాత్రం మాట వినలేదు. పాత తెడ్డుతో వెళ్తే ఏ నొప్పీ లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నీ తెడ్డు రెక్క చేటంత ఉంది. అన్ని నీళ్లు తొయ్యడానికి నా చెయ్యి చాలదు.

తిట్టినా సరే, చెబుతున్నాను. పక్కవీధి వడ్రంగిని చిత్రిక అడిగి తెచ్చి, నీ తెడ్డు రెక్కల్ని సన్నగా చెక్కేశాను. మీ అన్నయ్య చూసి, "అది ప్రాణం పెట్టి చేసిందే" అన్నాడు.

"నా చేతికీ ప్రాణముంది" అన్నాను.

నిన్న అవతలి ఒడ్డు దాకా వెళ్లొచ్చాను. ఇవాళ పొద్దుటి నుంచి కత్తెర ఆగలేదు. నిన్ను క్షమించమని అడగను. కావాలంటే వచ్చి నడిపి చూడు.

నీ మొండి వదిన

వదినా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. నాలుగు దులిపేద్దామని కూర్చుంటే కలం పట్టుకోలేకపోయాను. కోపంతో కాదు. నేను మోచేతికి కట్టుతో తిరగబట్టి చాలా కాలమైంది. మేస్త్రికి కనపడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను. నొప్పి అంటే, ఆడదానికి ఈ పనెందుకంటారని నోరెత్తలేదు. అలవాటవుతుందని నీకు రాశానే, అది నాకు నేను రోజూ చెప్పుకునే మాట.

నిన్న నా తెడ్డునీ బల్లకి బిగించి సన్నగా చెక్కాను. మేస్త్రి, "ఇది తెడ్డు కాదమ్మా, గరిటె" అని నవ్వాడు. ఆయన చూస్తుండగానే అది పట్టుకుని పడవెక్కి ఏట్లోకి దిగి, ప్రవాహానికి ఎదురు వెళ్లి తిరిగొచ్చాను. ఒడ్డెక్కి, అందరి ముందూ చొక్కా చెయ్యి పైకి మడిచి కట్టు విప్పేశాను. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తెడ్డు అందుకుని బరువు చూసి, ఎంత చెక్కావని అడిగాడు.

"నా చేతికి సరిపడా" అన్నాను.

ఇట్లు,
నీ గరిటె మరదలు